ఏడు నిమిషాల దారి

పోయిన వారం మనం చిన్నిని అక్క ఇంటి గుమ్మంలో, చేతిలో ఒక నోటీసుతో, నోట్లో ఒక అబద్ధంతో వదిలిపెట్టి వచ్చాం. మీలో కొందరు మరిచిపోయి ఉంటారు కాబట్టి రెండు ముక్కల్లో చెబుతాను. వెనక వీధికి వచ్చే చిన్న బస్సును తీసేశారు. కొత్త స్టేషనుకు పది నిమిషాల నడకలో ఉన్న ఇళ్లన్నిటినీ ఒక వలయంగా గీసి, ఆ వలయంలో ఉన్నవాళ్లు హాయిగా నడిచి వెళ్లగలరు కాబట్టి వాళ్లకు బస్సు అక్కర్లేదని తేల్చారు. వెనక వీధి నుంచి స్టేషనుకు ఏడు నిమిషాలని నోటీసులో రాసి ఉంది. ఆ వీధిలో నలభై ఏళ్లుగా ఉంటున్నవాళ్లు కూడా ఆ ఏడు నిమిషాలు ఎటు పోతే వస్తాయో కనిపెట్టలేకపోయారు. "మీ ఆఫీసే కదా, ఇది నడిచిన మహానుభావుడెవరో కాస్త కనుక్కోవే" అని అక్క అడిగితే, "కనుక్కుంటాలే అక్కా" అంది చిన్ని.

నడిచింది చిన్నే.

ముప్పై ఆరేళ్లు వచ్చినా ఇంట్లో చిన్ని చిన్నిగానే ఉండిపోయింది. ఆఫీసులో మాత్రం ఆమె నక్షాల మేడం. స్టేషను చుట్టూ ఎక్కడ చెట్టు రావాలో, ఎక్కడ బెంచీ వేయాలో, ఎక్కడ కింద దుకాణం పైన ఇల్లు కట్టాలో అన్నీ ఆమె గీసినవే. ఆ ఆఫీసులో ఒక మంచి పద్ధతి ఉంది. కంపాసు పెట్టి గుండ్రంగా గీసేసి ఇంత దూరం అంటే అక్కడ ఒప్పుకోరు. గీసినవాళ్లే వెళ్లి నడవాలి. ఇంటి గుమ్మం దగ్గర స్టాప్‌వాచ్ నొక్కి, మామూలు మనిషి నడకతో స్టేషను మెట్టు దాకా నడిచి, నడక పత్రం నింపి సంతకం పెట్టాలి. చిన్ని ఆ పద్ధతి ప్రకారమే నడిచింది. ఒక్క అడుగు ఎగ్గొట్టలేదు, ఒక్క సెకను తగ్గించలేదు. అయినా అక్క అడిగినప్పుడు "నేనే" అనడానికి నోరు రాలేదు.

ఆ రాత్రి అన్నం సహించలేదు. మర్నాడు తెల్లవారి ఆరు గంటలకల్లా స్టాప్‌వాచ్ సంచిలో వేసుకుని అక్క గుమ్మంలో నిలబడింది.

అక్క అప్పటికే తయారై తలుపు తాళం వేస్తోంది. చెల్లెల్ని చూసి కనుబొమలు ఎగరేసింది. "ఇంత పొద్దున్నే ఏమిటే? ఎవరికేమైంది?"

"ఎవరికీ ఏం కాలేదు. నీతో నడుద్దామని వచ్చాను."

"నాతో నడిస్తే నువ్వు ఆఫీసుకు సాయంత్రానికి చేరతావు."

అక్క నవ్వుతూనే అంది. ఆమె ఎప్పుడూ అంతే, తన కాలి మీద తనే జోకులు వేస్తుంది, ఇంకొకరికి ఆ అవకాశం ఇవ్వదు. ఎనిమిదేళ్ల కిందట పనిచేసే చోట తడినేల మీద జారిపడితే తుంటి ఎముక విరిగింది. అతుకు పడింది గానీ వంకరగా పడింది. ఎడమకాలు రెండు వేళ్ల మేర పొట్టిదైంది. చెప్పులు కుట్టే అతను ఎడమ చెప్పు కింద అట్ట వేసి ఎత్తు చేసి ఇస్తాడు. పావుగంట నడక వరకు ఎవరికీ తేడా తెలియదు. ఆ తర్వాత కాలు తన సంగతి తను చెప్పుకోవడం మొదలుపెడుతుంది.

పావుగంట నడిస్తే సరిపోయే బతుకే అక్కది, మొన్నటిదాకా. గుమ్మం ముందు బస్సెక్కితే స్టేషను ముందు ఆస్పత్రి లాండ్రీ దగ్గర దింపేది. అక్కడ ఇరవై రెండేళ్లుగా ఆవిరి ప్రెస్సు మీద దుప్పట్లు ఇస్త్రీ చేస్తోంది. ఆ పని నిలబడి చేసేది. ప్రెస్సు దగ్గర కుర్చీ వేయనివ్వరు, ఆవిరి కొట్టుకుంటే లేవడానికి వ్యవధి ఉండదని. పని మధ్యలో ప్రెస్సు మనిషి కూర్చుంటే వెనకాల దుప్పట్ల బండ్లన్నీ ఆగిపోతాయి. అందుకని కూర్చున్నవాళ్ల పేరు రిజిస్టరులో రాస్తారు. మూడుసార్లు రాస్తే ప్రెస్సు తీసేసి తడి గదికి పంపుతారు. తడి గదిలో నీళ్లు కారే దుప్పట్ల మూటలు మోయాలి. అక్క తుంటికి ఆ మూట ఒక్కటి చాలు. ఇరవై రెండేళ్లలో అక్క పేరు ఆ రిజిస్టరులో ఎక్కలేదు. బస్సు పోయిన నాలుగు రోజుల్లో రెండుసార్లు ఎక్కింది.

"అటు కాదు, ముందు ఇటు రా" అని అక్క వీధి చివరికి దారి తీసింది. "రోజూ ఒకసారి చూసి పోతున్నాను. ఎప్పటికైనా అర్థమవుతుందేమోనని."

వీధి చివర గోడ. మనిషికి రెట్టింపు ఎత్తున, కాంక్రీటు పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన గోడ. దాని వెనక రైళ్లు ఆగే యార్డు, ఆ వెనక స్టేషను కప్పు, పొద్దున ఎండకు మెరుస్తోంది. చెయ్యి చాస్తే అందేటట్టుంది. అక్క గోడకు అరచెయ్యి ఆనించి నిలబడింది.

"ఆ ఏడు నిమిషాల పెద్దమనిషి ఇటే పోయుంటాడు. ఇంకెటు పోయినా ఏడు రాదు. అయితే పిట్టయినా అయ్యుండాలి, లేదా గోడలు దూకే దొంగైనా అయ్యుండాలి. ఏమంటావు?"

చిన్ని కళ్లు అక్క చేతికి జానెడు పక్కన ఉన్న పలకల మీద ఉన్నాయి. మిగతా గోడంతా వానకు తడిసి నల్లబడింది. ఆ ఒక్కచోట, నేల నుంచి పైదాకా ఒక్క వరుస మాత్రం కొత్తగా, తెల్లగా ఉంది. బండి పట్టేంత వెడల్పు.

రెండేళ్ల కిందట ఆమె ఇక్కడికి వచ్చినప్పుడు అక్కడ పలకలు లేవు. స్టేషను ఇంకా కడుతున్నారు. కూలీలు ఇసుక బండ్లు తోసుకుంటూ ఆ సందులోంచి రోజంతా వెళ్లి వస్తున్నారు. తలపాగా చుట్టుకున్న ఒక కూలీ మనిషి, చేతిలో కాగితాలు పట్టుకుని దిక్కులు చూస్తున్న చిన్నిని పిలిచి, "ఇటు రా అమ్మా, అందరం ఇటే పోతాం" అని దారి చూపించింది. కూలీల గుడిసెల్లోని ఆడవాళ్లు ఇద్దరు చంటిపిల్లల్ని ఎత్తుకుని అటే వెళ్లారు. దారి నున్నగా తొక్కుడు పడి ఉంది. చిన్ని వాళ్ల వెనకే నడిచింది. స్టేషను మెట్టు ఎక్కేసరికి ఏడు నిమిషాలు. నడక పత్రంలో మెట్లెన్ని, నీడ ఎక్కడ, గుంటలున్నాయా, లైట్లున్నాయా అని గడులున్నాయి. ఆమె అన్నీ నింపింది. ఈ దారి వచ్చే ఏడు ఇక్కడే ఉంటుందా అన్న గడి లేదు.

రైళ్లు తిరగడం మొదలైన రోజున ఆ సందు మూసేశారు. పట్టాల మీద జనం నడవకూడదు కదా మరి. మూసినవాళ్లది తప్పు కాదు. గోడ మూసేవాళ్లు నక్షాలు చూడరు, నక్షాలు గీసేవాళ్లు గోడలు చూడరు.

"ఏమే, అలా నిలబడిపోయావు? పద, నాకు టైమవుతోంది."

చిన్ని సంచిలో చెయ్యి పెట్టి స్టాప్‌వాచ్ నొక్కింది.

అసలు దారి వీధి మొదటి నుంచి లారీల రోడ్డెక్కుతుంది. అక్కడ కాలిబాట లేదు. రోడ్డు అంచున చెప్పు పట్టేంత మట్టి గట్టు ఉంటుంది, ఆ పైన లారీ గాలి. అక్క ఎత్తు చెప్పున్న కాలు మట్టి మీద, రెండో కాలు తారు మీద వేస్తూ నడుస్తోంది. అలా వేస్తే రెండూ సమానమవుతాయట. "చూశావా, నాకోసమే రోడ్డు వంకరగా వేశారు" అంది. చిన్ని నవ్వడానికి ప్రయత్నించింది. రైలు వంతెన కింద నీళ్లు నిలిచి ఉన్నాయి. అక్కడ ఇటుకలు వేసి ఉంటే అక్క చిన్ని భుజం పట్టుకుని ఒక్కొక్కటే దాటింది. ఆ చెయ్యి ఎంత బరువుగా పడిందో చిన్నికి తెలిసింది. వంతెన దాటాక జోకులు ఆగిపోయాయి.

తర్వాత మలుపు తిరిగితే స్టేషను ముందు భాగం. ఉన్నమాట చెప్పుకోవాలి, అది కన్నులపండువగా ఉంది. ఒక్క కారు లేదు. నున్నటి రాళ్లు పరిచిన వెడల్పాటి దారులు, రెండు వైపులా లేత చెట్లు, కింద మందుల షాపు, పాల కొట్టు, పిల్లల బడి, పైన బాల్కనీల్లో ఆరేసిన బట్టలు. ఒక తాతగారు మనవరాలి చెయ్యి పట్టుకుని రోడ్డు మధ్యలో, నిజంగా మధ్యలో, నింపాదిగా నడుస్తున్నాడు. ఇదంతా తన డ్రాయింగ్ బల్ల మీద పుట్టిందని చిన్నికి రోజూ గర్వంగా ఉండేది.

"బాగుందే" అంది అక్క ఆయాసపడుతూ. "అబద్ధమెందుకు చెప్పాలి, చాలా బాగుంది. మా వీధిలో మీటింగు పెట్టి బొమ్మలు చూపించినప్పుడు అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే. నా చెల్లెలు గీసిందని అందరికీ చెప్పుకున్నాను కూడా."

"కాసేపు కూర్చుందామా అక్కా? బెంచీ ఉంది."

"కూర్చుంటే మళ్లీ లేవదు ఇది." కాలి మీద చిన్నగా కొట్టింది. "ఇక్కడ కూర్చోవడం ఎందుకు, అక్కడ కూర్చుంటే కనీసం రిజిస్టరులో పేరైనా పడుతుంది."

లాండ్రీ గేటు దగ్గర చిన్ని స్టాప్‌వాచ్ ఆపింది. యాభై ఒక్క నిమిషాలు.

అక్క లోపలికి వెళ్లింది. అద్దం తలుపులోంచి చిన్ని చూస్తూ నిలబడింది. అక్క ప్రెస్సు ముందు నిలబడి, రెండు చేతులతో దాని అంచు పట్టుకుని, కళ్లు మూసుకుని, ఒక క్షణం అలాగే ఉండిపోయింది. తర్వాత మొదటి దుప్పటి పరిచింది. లోపలి నుంచి సూపర్‌వైజరు బయటికి వచ్చింది. లావుపాటి మనిషి, చూస్తే మంచిదానిలాగే ఉంది.

"మీరు చెల్లెలా? చెబుతుంటుంది మీ గురించి. చూడండమ్మా, రెండు సార్లు రాశాను. ఒకసారి చూడనట్టే ఊరుకున్నాను కూడా. మూడోది రాస్తే ఇక నా చేతిలో ఉండదు. బస్సు వేయించండి, మీకు పెద్దవాళ్లు తెలుసు కదా."

పెద్దవాళ్లు తెలుసు. చిన్ని తిన్నగా వాళ్ల దగ్గరికే వెళ్లింది.

పెద్ద ఇంజనీరు గదిలో బల్లంత పొడుగున స్టేషను నమూనా ఉంటుంది. అట్టతో చేసిన ఇళ్లు, స్పాంజి చెట్లు, అగ్గిపుల్లంత మనుషులు. ఆయన పొద్దున్నే వచ్చి గుడ్డతో ఆ మనుషుల మీద దుమ్ము తుడుస్తాడు. గీసినవాళ్లే నడవాలనే పద్ధతి పెట్టిందీ ఆయనే. చిన్నికి పని నేర్పిందీ ఆయనే. ఆయన విలన్ అయ్యుంటే ఈ కథ మనకు చాలా సులువయ్యేది.

"సార్, వెనక వీధి నడక పత్రం తప్పు" అంది చిన్ని, కూర్చోకుండానే. "ఏడు కాదు. నా నడకకు లెక్కేస్తే ఇరవై ఆరు. కాలు బాగాలేనివాళ్లు నడిస్తే యాభై ఒకటి. దిద్దాలి సార్. నేనే రాసిస్తాను, తప్పు నాదేనని."

ఆయన గుడ్డ పక్కన పెట్టాడు. "కూర్చోమ్మా" అన్నాడు.

కూర్చుంది.

"దిద్దుదాం. నువ్వు రాసిస్తే నేను ఇప్పుడే సంతకం పెడతాను. నాకేం అభ్యంతరం లేదు. దిద్దితే ఏమవుతుందో తెలుసా?"

"బస్సు తిరిగొస్తుంది."

"రాదు." నమూనాలో దూరంగా, బల్ల అంచున ఉన్న గుట్టను చూపించాడు. "ఆ బస్సును గుట్ట మీది కాలనీకి ఇచ్చేశారు. వాళ్లకి ఇన్నాళ్లూ ఏ బస్సూ లేదు. వాళ్ల దగ్గర లాక్కుని మీవాళ్లకి ఇమ్మని ఎవరిని అడుగుతాం? బస్సుల పట్టిక ఒకసారి మూశాక రెండేళ్ల దాకా తెరవరు. అప్పుడు వెనక వీధివాళ్లు కొత్తగా అర్జీ పెట్టుకోవాలి."

"మరి గేటు?" అంది చిన్ని. నక్షాలో ఆ గోడ దగ్గర చుక్కల గీతతో ఒక చిన్న గేటు, దాని నుంచి పట్టాల మీదుగా నడక వంతెన ఆమే గీసింది. రెండో దశ. మూడేళ్ల తర్వాత.

"గేటు వలయంలో ఉన్న వీధులకే. ఏడు నిమిషాలని ఉంది కాబట్టి వెనక వీధి వలయంలో ఉంది. ఇరవై ఆరని దిద్దావనుకో, అది వలయం బయటికి పోతుంది. వలయం బయట వీధికి గేటు కట్టరు, వంతెన కట్టరు. కాలిబాట, లైట్లు, డ్రైనేజీ అన్నీ పోతాయి. నువ్వు నిజం రాసిన రోజున ఆ వీధి నక్షాలో ఉండదమ్మా."

"దగ్గర చేయడానికే కదా సార్ గేటు. దూరంగా ఉన్నారు కాబట్టే కదా కావాల్సింది."

"అవును" అన్నాడాయన. "అవును. నాకు తెలుసు. ఆ నిబంధన రాసిన కమిటీలో నేనూ ఉన్నాను. అప్పుడు ఎవరికీ తోచలేదు."

ఇద్దరూ ఆ అట్ట గోడను చూస్తూ కూర్చున్నారు. నిజం చెబితే గేటు ఎప్పటికీ రాదు. చెప్పకపోతే గేటొచ్చే మూడేళ్లూ అక్క కాలు తట్టుకోవాలి. ఆ కాలు మూడు వారాలు కూడా తట్టుకునేలా లేదు. చిన్నికి ఏడుపు వచ్చింది. ఆయన ముందు ఏడవడం ఇష్టంలేక నమూనాలోని ఒక అగ్గిపుల్ల మనిషిని తీసి, మళ్లీ అక్కడే నిలబెట్టింది.

"ఇంకో సంగతి" అన్నాడు ఆయన, ఆమె వైపు చూడకుండా. "వెనక వీధివాళ్లు అర్జీ పెట్టారు. నడిచిందెవరో చెప్పాలి, ఆ మనిషే మా కళ్ల ముందు మళ్లీ నడవాలి అని. న్యాయమే అడిగారు. గురువారం పొద్దున కమిటీ వస్తోంది. వాళ్ల ముందు నడవాలి."

"నడిస్తే ఇరవై ఆరు వస్తుంది."

"గోడలో ఆ ఒక్క వరుస పలకలు తీయిస్తాను. యార్డులో అరగంట రైళ్లు ఆపుతామన్నారు. రెండేళ్ల కిందట నువ్వు నడిచిన దారే, నువ్వు నడిచినట్టే నడువు. ఏడే వస్తుంది. అందులో అబద్ధమేముంది? కమిటీ చూసి సంతకం పెడితే వెనక వీధి వలయంలో ఖాయమవుతుంది. గేటు ఖాయమవుతుంది. దాన్ని ఇక ఎవరూ తీయలేరు."

"తర్వాత పలకలు?"

ఆయన గుడ్డ తీసుకుని తుడిచిన మనుషులనే మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు.

సాయంత్రం అక్క ఇంటికి వెళ్లే దారంతా చిన్ని మాటలు కూడబలుక్కుంది. ముందు నేనే నడిచానని చెప్పాలి. తర్వాత గేటు సంగతి. తర్వాత గురువారం సంగతి. అక్కే చెప్పాలి, ఏం చేయమంటుందో. అక్క అరిస్తే పడాలి. నిజానికి అక్క అరిస్తే బావుండునని ఉంది ఆమెకు. చిన్నప్పుడు తప్పు చేసినప్పుడల్లా అక్క అరిచేది, ఆ పైన దగ్గరికి తీసుకునేది. అరవని రోజులే భయంగా ఉండేవి.

వంతెన కింద నీళ్లు పొద్దుటికంటే పెరిగాయి. ఇటుకలు రెండు మునిగిపోయాయి.

తలుపు ఓరగా వేసి ఉంది. అక్క మంచం మీద కూర్చుని, ఎడమకాలు వేణ్ణీళ్ల బకెట్టులో పెట్టుకుని ఉంది. మడమ నుంచి మోకాలి దాకా వాచి ఉంది. పక్కన ఒక కాగితం.

"వచ్చావా, మంచిపని చేశావు" అంది. "మా అర్జీకి జవాబు వచ్చిందే. మధ్యాహ్నం మనిషి వచ్చి ఇచ్చి పోయాడట, పక్కింటావిడ తీసి ఉంచింది. కళ్లద్దాలు ఎక్కడ పెట్టానో. కాస్త చదివి పెట్టు."

చిన్ని కాగితం తీసుకుంది. అది నడక పత్రం నకలు.

"చదువు, చదువు."

"బయలుదేరిన చోటు, వెనక వీధి మధ్య ఇల్లు" అని మొదలుపెట్టింది చిన్ని.

"మధ్య ఇల్లంటే ఇదే కదూ. మన గుమ్మం. తర్వాత?"

"చేరిన చోటు, స్టేషను మొదటి మెట్టు. పట్టిన సమయం, ఏడు నిమిషాలు. మెట్లు లేవు. నీడ, రెండు చోట్ల. గుంటలు లేవు. చంటిపిల్లలతో నడవడానికి అనుకూలం."

"అయ్యో, ఎంత ఓపిగ్గా రాశాడే. చంటిపిల్లల్ని కూడా తలుచుకున్నాడు. కింద పేరుందా?"

"పేరు రాసే గడి లేదు. ఉద్యోగి నంబరు, సంతకం ఉన్నాయి."

"సంతకం ఎవరిది?"

ఇదిగో, ఇక్కడ. కూడబలుక్కున్న మాటలన్నీ ఇక్కడ చెప్పాలి. దారి పొడుగునా వరసగా పేర్చుకున్న మాటలు ఒక్కటీ అందలేదు. బకెట్టులో అక్క కాలు కనబడుతోంది. ఇప్పుడు చెబితే ఆ కాలు గురించి తను ఏం మాట్లాడగలదు?

"సరిగ్గా తెలియడం లేదు అక్కా" అంది. "గిలికినట్టుంది."

అక్క దిండు కింద చెయ్యి పెట్టి కళ్లద్దాలు తీసింది. నింపాదిగా పెట్టుకుంది. చిన్ని చేతిలోంచి కాగితం తీసుకుని, సంతకం మీద వేలు పెట్టింది.

"ఈ చివరి అక్షరానికి తోక చూడు. కిందికి లాగి, వెనక్కి తిప్పి, మొత్తం పేరు కింద గీతగా కలిపింది. నీకు పదేళ్లు. బడిలో ప్రోగ్రెస్ కార్డు మీద అమ్మ సంతకం నువ్వే పెట్టేసుకుని దొరికిపోయావు. గుర్తుందా? అప్పుడు నేను కూర్చోబెట్టి నేర్పించాను, నీకంటూ ఒక సంతకం ఉండాలి, ఎవరూ కాపీ కొట్టలేనిది ఉండాలని. ఈ తోక వచ్చేదాకా రెండు పలకలు అరగదీశావు."

చిన్ని నేల మీద కూర్చుండిపోయింది.

"ఇంటికొచ్చిన దగ్గర్నుంచి చూస్తూనే ఉన్నాను దీన్ని" అంది అక్క. గొంతు పెంచలేదు. "నువ్వే అయ్యుంటే ఏదో కారణం ఉండే ఉంటుందిలే అనుకున్నాను. నువ్వు దొంగలెక్క రాసేదానివి కాదు. పొద్దున నువ్వు చూసిన ఆ తెల్ల పలకలు పెట్టకముందు వచ్చి నడిచుంటావు, అంతేగా. వచ్చి చెబుతుంది, చెబితే ఒక నాలుగు తిట్లు తిట్టి ఊరుకుందాం అనుకున్నాను. అందుకే చదవమన్నాను." కళ్లద్దాలు తీసి పైట చెంగుతో తుడుచుకుంది. "తెలియడం లేదా, చిన్నీ?"

"అక్కా, నేను చెబుదామనే వచ్చాను."

"ఇవాళ మూడోది రాసింది."

చిన్నికి వెంటనే అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. పొద్దున తను అద్దంలోంచి చూస్తున్నప్పుడు అక్క ప్రెస్సు అంచు పట్టుకుని కళ్లు మూసుకున్న ఆ క్షణం గుర్తొచ్చింది.

"పదింటికి కూర్చున్నాను. కూర్చోవాలని కూర్చోలేదు, కాలే కూర్చుంది. సోమవారం నుంచి తడి గది." అక్క బకెట్టులోంచి కాలు తీసింది, చిన్ని సాయం చేయబోతే వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది. "అది నీ తప్పు అనడం లేదు. ఎవరి తప్పో నాకు తెలియడం లేదు. అదే నాకు బాధగా ఉంది, తిట్టడానికి మనిషి కూడా దొరకలేదు."

అప్పుడు చిన్ని చెప్పింది. సందు, కూలీ మనిషి, గేటు, గుట్ట మీది కాలనీ, గురువారం, పలకలు, అన్నీ తలా తోకా లేకుండా చెప్పేసింది. అక్క అంతా విని, "అయితే గురువారం నువ్వు ఏడు నిమిషాల్లో నడిచి చూపిస్తే మూడేళ్లకు గేటొస్తుంది. నిజం చెబితే ఎప్పటికీ రాదు. రెండింటిలోనూ నేను మాత్రం సోమవారం తడి గదికే పోతాను" అంది.

చిన్ని తలూపింది.

"మరి నన్నెందుకే అడుగుతున్నావు?"

అంతలో బయట చెప్పుల చప్పుడు. ఒకరిద్దరివి కావు. వీధిలో వాళ్లందరూ పనుల నుంచి వచ్చే వేళ అది. ఎవరో తలుపు మీద తట్టారు. పక్కింటావిడ గొంతు వినపడింది.

"అక్కయ్యా, కాగితం చదివించుకున్నావా? అందరం వచ్చేశాం. నడిచింది ఎవరట? పేరు చెప్పు, గురువారం మేమే పట్టుకుని నడిపిస్తాం."

తలుపు ఓరగానే ఉంది. సందులోంచి నలుగురైదుగురి ముఖాలు కనబడుతున్నాయి. వాళ్లు చిన్నిని చూసి నవ్వారు. ఒకాయన వెనక్కి తిరిగి, "మన నక్షాల మేడం కూడా ఇక్కడే ఉన్నారు, ఇంకేం" అన్నాడు ధీమాగా.

అక్క చిన్ని ముఖంలోకి చూసింది. తర్వాత ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఆమె చేతిలో పెట్టి, వేళ్లు మూసింది.

"నాకు లేవడం కాదు" అంది. "నువ్వెళ్లి తలుపు తియ్యి."